గింజ ఒకటే, గడువులు వేరు

పిల్లలూ,

మీ ఇంట్లో ఇడ్లీపిండి రుబ్బి, రాత్రి మూతపెట్టి ఉంచుతారు గదా. తెల్లవారేసరికి అది పొంగి ఉంటుంది. ఆ పూటే వేస్తే ఇడ్లీలు మల్లెపూవుల్లాగా వస్తాయి. అదే పిండిని ఎండాకాలంలో రెండు రోజులు బయట వదిలేస్తే పులుపెక్కి నోట పెట్టటానికి వీలుండదు. పిండి అదే, గిన్నె అదే. మారిందల్లా కాలం ఒక్కటే.

ఈ మాట నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. ఏళ్ళ తరబడి సామాన్యశాస్త్రం చెప్పాను, చివరికి హెడ్మాస్టరుగా పదవి విరమించాను. అయినా అరవై నాలుగో ఏట ఆ పాఠం నేనే సగం మరిచిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నాను. ఆ కథ మీకూ, మీ అమ్మానాన్నలకూ చెబుతాను.

ముందు నా గుండె సంగతి చెప్పాలి. చిన్నతనంలో నాకు గొంతునొప్పి, దాని వెనక జ్వరం, కీళ్ళవాపులు వచ్చాయి. ఆ జబ్బు మూలాన గుండెలో ఒక కవాటం దెబ్బతిన్నది. కవాటం అంటే రక్తాన్ని ముందుకు పోనిచ్చి, వెనక్కు రానివ్వని తలుపన్నమాట. 2016లో డాక్టర్లు ఆ పాడైన తలుపు తీసేసి కృత్రిమమైన తలుపు బిగించారు. రాత్రివేళ అంతా సద్దుమణిగాక అది టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. మా మనమరాలు, “తాతయ్య లోపల గడియారం ఉంది!” అంటుంది.

ఇటువంటి తలుపు మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నది. ఆ గడ్డ ఊడి మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. అంచేత నేను రోజూ వార్ఫరిన్ అనే మాత్ర మింగాలి. అది రక్తాన్ని తొందరగా గడ్డకట్టనివ్వదు. మాత్ర ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డ. ఎంత చాలునో తెలుసుకోవటానికి నెలకోసారి రక్తపరీక్ష చేయిస్తాను. దానికి ఐ.ఎన్.ఆర్. అని ఒక అంకె వస్తుంది. నాకది 2.5కు 3.5కు మధ్య ఉండాలని మా డాక్టరుగారు చెప్పారు.

2023 వసంతంలో నేనూ మా ఆవిడా జపాను వెళ్ళాం. మా అబ్బాయి నగోయా పట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు. వెళ్ళిన మర్నాడే మా మనమరాలు ఒక తెల్లని చిన్న డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. మూత తీస్తే లోపల సోయా గింజలు. పుల్లతో గిరగిరా కలిపింది. గింజ పైకి ఎత్తితే సాలెగూడులాగా సన్నని తీగలు సాగాయి. వాసన మట్టుకు తడిసిన గోనెసంచీ వాసన!

“దీన్ని నత్తో అంటారు తాతయ్యా. మా బళ్ళో కూడా పెడతారు. ఆరోగ్యానికి మంచిది,” అన్నది.

నత్తో పేరు నేను అదివరకే చదివి ఉన్నాను. 1987లో సుమి హిరోయుకి అనే జపాను శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ నత్తోలో ఒక ఎంజైమును కనిపెట్టి, దానికి నత్తోకైనేజ్ అని పేరుపెట్టారు. రక్తపుగడ్డలో ఫైబ్రిన్ అనే దారాల వల ఉంటుంది. పరీక్షనాళికలో ఈ ఎంజైము ఆ దారాలను కరిగించింది. ఇది చదివిన నేను ఏమనుకున్నానో చూడండి! “నా మాత్ర గడ్డ కట్టనివ్వదు. ఈ గింజ గడ్డను కరిగిస్తుంది. రెండూ ఒకే పని చేసే స్నేహితులు గనక రోజూ తింటే నా గుండెకు మరింత మేలు,” అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. రోజూ పొద్దున్నే ఒక డబ్బా చొప్పున, ఇంటినించి తెచ్చిన ఆవకాయ నంజుకుని, తొమ్మిది రోజులు తిన్నాను. మా ఆవిడ ముక్కు మూసుకుని అవతలి గదిలోకి పోయేది.

పదో రోజున నెలసరి పరీక్ష. మా అబ్బాయి నన్నొక ఆస్పత్రికి తీసుకుపోయాడు. అంకె 1.6 అని వచ్చింది. అక్కడి డాక్టరుగారు కాగితం చూసి, మాత్రలు మానేశానా అని కూడా అడగలేదు. ఆయన వేసిన మొదటి ప్రశ్న, “నత్తో తింటున్నారా?” అని.

మా అబ్బాయి ఆ ప్రశ్న నాకు తెలుగులో చెప్పి, నా మొహం చూశాడు. నేను తల వంచుకున్నాను. ప్రశ్నపత్రం సగం చదివి జవాబు రాసిన పిల్లవాణ్ణి బల్ల దగ్గర నిలబెట్టి అడిగినట్టయింది నాకు.

డాక్టరుగారు కోప్పడలేదు. జపానులో వార్ఫరిన్ ఇచ్చేటప్పుడే, “నత్తో తినకండి,” అని చెబుతారట. మా ఊళ్ళో డాక్టరుగారు ఆకుకూరలు రోజూ ఒకే కొలతలో తినమని చెప్పారుగాని, నత్తో మాట ఎత్తలేదు. మా ఊళ్ళో నత్తో ఎవరు తింటారు గనక! ఆయన తప్పేమీ లేదు. కొత్త తిండి మొదలుపెట్టేముందు అడగవలసినవాణ్ణి నేను.

అసలు జరిగిందేమంటే, రక్తం గడ్డకట్టటానికి కావలసిన కొన్ని పదార్థాలను కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. వార్ఫరిన్ ఆ విటమిన్ పనికి అడ్డుతగులుతుంది. నత్తో నిండా విటమిన్ కె ఉన్నది. నేను ఒక చేత్తో తలుపు మూస్తూ, రెండో చేత్తో తెరుస్తున్నానన్నమాట. నేను నమ్ముకున్న నత్తోకైనేజ్ మాటేమిటంటారా? అదొక ప్రోటీను. తిన్న ప్రోటీనులు చాలావరకు కడుపులోనే జీర్ణమైపోతాయి. అంచేత నాళికలో చేసిన పని అది ఒంట్లోనూ అలాగే చేస్తుందని అనుకోరాదు.

నత్తో ఆపిన తరవాత కూడా దాని ప్రభావం కొన్ని రోజులు ఉంటుంది. ఆ రోజులన్నీ రాత్రిళ్ళు పడుకుని నా గుండె టిక్కుటిక్కును లెక్కపెట్టుకున్నాను. ఏ నిమిషాన ఏమవుతుందోనని భయం. డాక్టరుగారు మందు కొలత మార్చి, రెండుమూడు రోజులకొకసారి రక్తం పరీక్షించారు. అంకె తిరిగి 2.7కు వచ్చిననాడు గాని మా ఆవిడ స్తిమితపడలేదు.

ఆ సాయంత్రం మా మనమరాలు ఒక మంచి ప్రశ్న వేసింది. “తాతయ్యా, బామ్మ ఉడికించిన సోయా గింజలు కూడా తిన్నావు గదా. వాటివల్ల ఏమీ కాలేదేం?”

ఉడికించిన గింజలు వంద గ్రాముల్లో విటమిన్ కె పది మైక్రోగ్రాములు కూడా ఉండదు. అవే గింజలు నత్తో అయ్యాక, వంద గ్రాముల్లో 600 మైక్రోగ్రాములకు పైగా ఉంటుంది. అంటే ఒక్క చిన్న డబ్బాలోనే పెద్దవాడికి రోజుకు కావలసినదానికి ఇంచుమించు రెండింతలు! ఈ మార్పుకు పట్టేది ఒక్క రోజు. సోయాతో చేసే వంటకాలకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క గడువున్నది. అందులో మూడింటి సంగతి చూద్దాం.

మొదటిది నత్తో, దాని గడువు ఒక రోజు. గింజలను రాత్రంతా నానబెట్టి మెత్తగా ఉడికిస్తారు. పచ్చి సోయాలో ప్రోటీనును అరగనివ్వని పదార్థాలున్నాయి. వేడికి అవి చాలావరకు నశిస్తాయి. అంటే ఆ మేలు మంటది, కాలానిది కాదు. ఉడికిన గింజలకు బాసిల్లస్ సబ్టిలిస్ అనే సూక్ష్మజీవిని, మనం పాలకు తోడుపెట్టినట్టే, తోడుపెడతారు. పూర్వం వరిగడ్డిలో చుట్టిపెట్టేవారు. ఈ సూక్ష్మజీవి విత్తనాలు గడ్డిలోనే ఉంటాయి, మరిగే నీళ్ళకు కూడా చావవు. సుమారు 40 డిగ్రీల వెచ్చదనంలో 18 నుంచి 24 గంటలు ఉంచుతారు. మొదటి కొన్ని గంటలు ఏమీ కనిపించదు. తరవాత సూక్ష్మజీవులు కోట్లకు కోట్లుగా పెరిగి, గింజలోని ప్రోటీనును ముక్కలు చేస్తాయి, బంకతీగలు సాగదీస్తాయి, విటమిన్ కె తయారుచేస్తాయి. అప్పుడు చల్లని చోట పెట్టి వాటి పనికి కళ్ళెం వేస్తారు. అలా చెయ్యకపోతే అమోనియా ఘాటు పుడుతుంది. మరీ పాతదైతే ఇసుకలాగా పళ్ళకింద కరకరలాడుతుంది. అవి టైరోసిన్ స్ఫటికాలు. అన్నట్టు, నత్తో పుల్లగా ఉండదు. మనం ఇటువంటివాటన్నిటినీ “పులియటం” అంటాంగాని, సూక్ష్మజీవుల పని ఎప్పుడూ పులుపుతోనే ముగియదు.

ఈ గింజలు జపానువాళ్ళ సొత్తే అనుకునేరు! సిక్కింలో, డార్జిలింగులో కినెమా అని చేస్తారు. ఉడికిన సోయాను కాస్త దంచి, ఆకుల్లో చుట్టి ఒకటి నుంచి మూడు రోజులు వెచ్చగా ఉంచుతారు. మణిపూరులో హవాయిజార్, నాగాలాండులో అఖుని దీనికి అక్కచెల్లెళ్ళు.

రెండో గడువు చూడటానికి ఇండోనేషియాలోని జావా ద్వీపం పోవాలి. అక్కడ చేసే టెంపేకు పట్టేది ఒకటి నుంచి రెండు రోజులు. ఇక్కడ పనిచేసేది రైజోపస్ అనే బూజు. పొట్టు తీసి ఉడికించిన గింజలకు ఆ బూజు తోడు కలిపి, అరిటాకుల్లో పొట్లం కట్టి ఉంచుతారు. మర్నాటికి తెల్లని దూదిలాంటి దారాలు గింజల మధ్య అల్లుకుని, అంతా ఒక గట్టి బిళ్ళ అవుతుంది. దాన్ని ముక్కలు కోసి వేయించుకుంటారు.

సోయా తింటే కొందరికి కడుపు ఉబ్బరిస్తుంది. గింజలో ఉండే కొన్ని చక్కెరలను మన పేగులు అరిగించుకోలేవు, అదీ కారణం. నానబెట్టి, ఉడికించి, నీళ్ళు వార్చెయ్యటంతోనే వాటిలో చాలా భాగం పోతుంది. గింజలో ఫైటేట్ అనే పదార్థం కూడా ఉన్నది. అది ఇనుమును, జింకును పట్టుకుని మన ఒంటికి అందనివ్వదు. బూజు అల్లుకునే కొద్దీ ఆ పట్టు సడలుతుంది. రైబోఫ్లేవిన్ అనే బి విటమిన్ పెరుగుతుంది. కాని చూడండి, థయమిన్ అనే ఇంకో బి విటమిన్ తగ్గుతుంది! బూజు కూడా ఒక ప్రాణే గదా. మనకోసం వండిపెట్టేటప్పుడు తన కూలి తాను తీసుకుంటుంది.

రెండు రోజులు దాటాయా, దారాల మీద నల్లని మచ్చలు వస్తాయి, అమోనియా వాసన కొడుతుంది. జావావాళ్ళు దాన్ని కూడా పారెయ్యరు. ముగ్గిన టెంపేను కొంచెం తీసుకుని కూరలో రుచికోసం వేస్తారు. నిన్న అన్నంలోకి కూర, నేడు తాలింపు సామాను! గడువు మారితే వంటకం హోదాయే మారిపోతుంది.

మూడోదాని పేరు మిసో. ఇది జపానువాళ్ళ పులుసుముద్ద, గడువు నెలలూ ఏళ్ళూ. నాకు నయమయ్యాక, మా అబ్బాయి మమ్మల్ని నగోయాకు దగ్గరలో ఉన్న ఒకాజాకి అనే ఊరికి తీసుకుపోయాడు. అక్కడ హచ్చో మిసో తయారవుతుంది. మనిషికన్న ఎత్తయిన చెక్క పీపాలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కదానిలో ఆరు టన్నుల ముద్ద, దానిమీద మూడు టన్నుల ఏటిరాళ్ళు గోపురంలాగా పేర్చి ఉన్నాయి. మన ఆవకాయ జాడీ మీద పెట్టే బరువు జ్ఞాపకం వచ్చింది నాకు. ఆ బరువు కింద ముద్ద రెండు వేసవులు, రెండు చలికాలాలు ఊరుతుంది.

మిసోకు మొదట కోజి అనే బూజును రెండు రోజులపాటు బియ్యం మీదనో, బార్లీ మీదనో పెంచుతారు. హచ్చో మిసోకు మట్టుకు సోయా మీదనే పెంచుతారు. దానికి ఉప్పు కలిపి పీపాలో అదిమిపెడతారు. ఉప్పులో బూజు పెరగదుగాని, అది తయారుచేసి పెట్టిన ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి. ఉద్యోగి పోయినా అతని సంతకం చెల్లుతున్నట్టు! అవి ప్రోటీనును అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. మిసో రుచి వాటిదే. సోయాలో ఐసోఫ్లేవోన్లని కొన్ని పదార్థాలున్నాయి. గింజలో ఉండగా ఒక్కొక్కదానికి ఒక చక్కెర అణువు అంటుకుని ఉంటుంది. ఊరేకొద్దీ ఆ చక్కెర తెగిపోతుంది, అప్పుడు వాటిని పేగులు త్వరగా పీల్చుకోగలవు. ముద్ద రంగు కూడా మారుతుంది. కొద్ది వారాల్లో తీసిన మిసో మీగడరంగు, ఏడాదిది ఎరుపు, హచ్చో మిసో దాదాపు నలుపు. దోసె పెనం మీద ఎర్రబడేటప్పుడు ఏ మార్పు నిమిషంలో జరుగుతుందో, అదే పీపాలో ఏళ్ళ తరబడి మెల్లిగా జరుగుతుంది. అందులో లైసిన్ అనే మంచి అమైనో ఆమ్లం కొంత ఖర్చయిపోతుంది కూడా.

అయితే కాలం చెయ్యలేని పని ఒకటున్నది. ఎన్నేళ్ళు ఊరినా ఉప్పు తగ్గదు. పైపెచ్చు ఎక్కువకాలం నిలవుండవలసినదానికి ఎక్కువ ఉప్పు వెయ్యాలి. వారాల్లో తినే తెల్ల మిసోలో నూటికి ఆరుపాళ్ళు ఉప్పయితే, ఏడాది ఊరే ఎర్ర మిసోలో పన్నెండుపాళ్ళ దాకా ఉంటుంది. ఒక గిన్నెడు మిసో చారులో సుమారు ఒకటింబావు గ్రాముల నుంచి ఒకటిన్నర గ్రాముల ఉప్పు పోతుంది. పెద్దవాడికి రోజుకు 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రక్తపోటు ఉన్నవాళ్ళు ఈ లెక్క చూసుకోవాలి.

ఇంతకూ ఇవి తినేవాళ్ళకు నిజంగా మేలు జరుగుతుందా? 2020లో జపాను శాస్త్రజ్ఞులు ఒక పెద్ద పరిశీలన ప్రకటించారు. దాదాపు 93 వేలమందిని సుమారు 15 ఏళ్ళపాటు గమనించారు. సోయా మొత్తాన్ని లెక్కవేస్తే పెద్ద తేడా కనిపించలేదుగాని, నత్తో, మిసో ఎక్కువగా తినేవారిలో మరణాలు సుమారు నూటికి పదివంతుల మేర తక్కువగా ఉన్నాయి. అయితే నత్తో తినేవాళ్ళు కూరగాయలు కూడా ఎక్కువ తింటారు, పొగ తక్కువ తాగుతారు. పరిశోధకులు వీటిని లెక్కలోకి తీసుకున్నారు. అయినా మేలంతా గింజదేనని తేల్చిచెప్పలేమన్నారు. శాస్త్రం చెప్పే పద్ధతి అది. నేను మట్టుకు మొదటి వాక్యం చదివి ఎగిరి గంతేసే రకం అనిపించుకున్నాను.

ఇంకొక చిత్రం చెప్పి ముగిస్తాను. నా మాత్ర కథ కూడా బూజుతోనే మొదలయింది! 1920 తరవాత కెనడాలోనూ, అమెరికా ఉత్తర భాగంలోనూ పశువులు రక్తం ఆగక చచ్చిపోయేవి. అవి తిన్నది స్వీట్ క్లోవర్ అనే గడ్డి. మంచి గడ్డి తిన్న పశువులకు ఏమీ కాలేదు. తడిసి బూజుపట్టిన గడ్డి తిన్నవే చచ్చాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం ఆ గడ్డిలోని విషమేమిటో కనిపెట్టింది. దాని పోలికతో తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చి, 1954లో మనుషులకు మందయింది. ఒక బూజు గడ్డిలో చేసిన పని నా ప్రాణం నిలుపుతున్నది, ఇంకొక సూక్ష్మజీవి గింజలో చేసిన పని ఆ మందుకే అడ్డుపడింది.

అంచేత, పిల్లలూ, “ఎంత ఎక్కువకాలం ఊరితే అంత బలం” అని ఎవరైనా అంటే నమ్మకండి. ఒక రోజులో వచ్చే మేలు వేరు, ఏడాదికి వచ్చే రుచి వేరు. గడువు దాటితే పోయేది కూడా ఉన్నది. మా మనమరాలికి మంచిదైన డబ్బా నాకు పనికిరాలేదు గదా. మీ ఇంట్లో తాతగారో, బామ్మగారో రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకుంటుంటే, కొత్త తిండి మొదలుపెట్టేముందు డాక్టరునడగమని మీరే చెప్పండి.

మీరొక చిన్న పని చేసి చూడండి. మీ అమ్మగారినడిగి ఒక గాజుగ్లాసులో సగం దాకా ఇడ్లీపిండి పోయించుకోండి. పిండి ఉన్న మట్టానికి దారం కట్టండి. రెండు గంటలకొకసారి ఎంత పొంగిందో, వాసన ఎలా మారిందో కాగితం మీద రాయండి. ఏ గంటకు పొంగటం ఆగిందో, ఏ గంటకు కిందికి దిగటం మొదలుపెట్టిందో కనిపెట్టండి. చూడటమే మీ పని, ఆ పిండి రుచి చూడకండి. నత్తో, టెంపే ఇంట్లో మీ అంతట మీరు చెయ్యబోకండి. ఏ బూజు మంచిదో, ఏది విషమో కంటికి తెలియదు.

నగోయాలో మా అబ్బాయి ఇంట్లో, ఫ్రిజ్ తలుపు మీద, మా మనమరాలు వంకర తెలుగక్షరాలతో రాసిన కాగితం ఇప్పటికీ ఉన్నదట: “నత్తో నాకు. తాతయ్యకు ఆవకాయ.” ఆవకాయ కూడా కొంచెమేనని దానికింద మా ఆవిడ రాసింది.